తంగేడు పువ్వు చెక్కిన లెదర్ పోర్ట్‌ఫోలియో ఇంట్లోనే ఎలా చేయాలి

మా చెల్లి ఆర్కిటెక్చర్ పూర్తిచేసి మొదటి ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు తన డ్రాయింగులు, సర్టిఫికెట్లు అన్నీ ఒక ప్లాస్టిక్ బటన్ ఫైల్లో పెట్టుకుని బయల్దేరింది, దాని మూల అప్పటికే చిరిగితే టేప్ అంటించింది. అయిదేళ్లు రాత్రుళ్లు మేలుకుని గీసిన బొమ్మలు అందులో పెట్టుకుని వెళ్తుంటే నాకు మనసొప్పలేదు. దానికోసం చేసిందే ఈ లెదర్ పోర్ట్‌ఫోలియో, పైన చేత్తో చెక్కిన తంగేడు పువ్వులు. ఆ తర్వాత ఇంకో నాలుగు చేశా, ఒక్కోటి చేస్తుంటే ఒక్కో సంగతి తెలిసొచ్చింది, అవన్నీ కలిపి రాస్తున్నా. మొదటిసారి చేసేవాళ్లకి రెండు వీకెండ్లు పడతది, ఒక్క రోజులో ముగించాలని మాత్రం కూర్చోకండి.

ఒకటి ముందే చెప్పేస్తా. ఖరీదైన టూల్స్ లేకపోయినా నడుస్తది, బొమ్మలు గీయడం రాకపోయినా నడుస్తది, కానీ తోలులో తడి ఎంత ఉందో పసిగట్టడం రాకపోతే మాత్రం ఎంత కష్టపడ్డా బొమ్మ లేవదు. అందుకే తడి గురించి ఎక్కువ రాశా, అక్కడ నెమ్మదిగా చదవండి.

తోలు కొనేటప్పుడు

షాపుకెళ్లి "లెదర్ కావాలి" అంటే చేతిలో పెట్టేది దాదాపుగా క్రోమ్ టాన్ లెదర్, అంటే క్రోమియం ఉప్పులతో పదును చేసిన తోలు. బ్యాగులకి, జాకెట్లకి, సోఫాలకి వాడేది అదే. మెత్తగా బాగుంటది గానీ దానిమీద ఎంత గుద్దినా అచ్చు నిలబడదు, స్పాంజి లాగా మళ్లీ పైకి లేచిపోతది. మనకి కావాల్సింది వెజిటబుల్ టాన్, అంటే చెట్టు బెరడు, కాయల కషాయంలో నానబెట్టి పదును చేసిన తోలు. తేడా తెలుసుకోవడం సులువే, తోలు అంచు కోసిన చోట చూడండి, మధ్యలో నీలం బూడిద రంగు కనబడితే క్రోమ్, లోపలిదాకా లేత గోధుమరంగు ఉంటే వెజ్ టాన్. ఇంకా అనుమానం ఉంటే రంగు వేయని ముక్క మీద ఒక నీటి చుక్క వేయండి, వెజ్ టాన్ ఐతే చుక్క ఇంకిపోయి అక్కడ ముదురు మచ్చలా అవుతది.

ఇక్కడ తంగేడు సంగతి చెప్పాలి. దక్షిణాదిలో తోళ్లు పదును చేయడానికి తరతరాలుగా వాడింది తంగేడు చెక్క, దానికి తోడు కరక్కాయ. ఊళ్లలో మాదిగల లందల్లో, అంటే తోళ్లు నానబెట్టే గుంటల్లో, నానింది ఈ చెక్కే, మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి బ్రిటన్‌కి పోయిన ఈస్ట్ ఇండియా లెదర్ వెనక ఉన్నదీ ఈ చెక్కే. ఇప్పుడు తంగేడు చెక్క వాడకం బాగా తగ్గి ఎక్కువగా వాటిల్ అనే చెట్టు బెరడు సారం వాడుతున్నారు, కరక్కాయ మాత్రం ఇంకా ఉంది. మనం బతుకమ్మలో పేర్చే పువ్వు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, తోలుని తోలుగా నిలబెట్టిన చెట్టుదే. అందుకే డిజైన్ ఏం పెట్టాలా అని నేను ఎక్కువ ఆలోచించలేదు.

ఎక్కడ దొరుకుతది అంటే, చెన్నైలో పెరియమెట్ ఏరియా మొత్తం తోలు వ్యాపారమే, అక్కడికి వెళ్లగలిగితే చేత్తో పట్టుకుని చూసి తెచ్చుకోవచ్చు. కాన్పూర్, కోల్‌కతా నుంచి ఆన్‌లైన్లో పంపేవాళ్లు కూడా ఉన్నారు, ఐతే ముందు చిన్న శాంపిల్ ముక్క తెప్పించుకుని తడిపి, గుద్ది చూశాకే పెద్దది ఆర్డర్ పెట్టండి. "టూలింగ్ లెదర్, రంగు వేయనిది, పైన కోటింగ్ లేనిది" అని స్పష్టంగా అడగాలి. పైన ఫినిష్ కొట్టిన తోలు నీళ్లు పీల్చదు, మనకి పనికిరాదు. తోలుని చదరపు అడుగుల్లో అమ్ముతారు. పొట్ట భాగం కాకుండా వీపు భాగం అడగండి, పొట్ట తోలు వదులుగా ఉండి సాగిపోతది. గేదె తోలు గ్రెయిన్ కాస్త గరుకు, లోతైన పెద్ద డిజైన్లకి పర్లేదు గానీ తంగేడు ఆకుల్లాంటి సన్న పనికి ఆవు తోలే నయం.

పైకవర్‌కి 2.5 ఎంఎం మందం సరిపోతది. 3 దాటితే పోర్ట్‌ఫోలియో పలక మోసినట్టు ఉంటది, 2 కంటే తక్కువైతే చెక్కడానికి లోతు దొరకదు. లోపల లైనింగ్‌కి, జేబులకి 1 ఎంఎం మేక తోలు, ఇది మళ్లీ క్రోమ్ ఐనా ఏం కాదు, దానిమీద చెక్కేది లేదు కాబట్టి.

కొలతలు

ముందు మీ కాగితాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని స్కేల్ పెట్టి కొలవండి. ఏ4 కాగితం 21 బై 29.7 సెంటీమీటర్లు. దానికి నేను వాడే లెక్క ఇది: మూసినప్పుడు 25 బై 33, మధ్యలో స్పైన్‌కి (మడత పడే నడుం భాగానికి) 3, అంటే తెరిచి పరిస్తే 53 బై 33 సెం.మీ. కానీ పైకవర్ ముక్కని ఇప్పుడే ఆ కొలతకి కోయొద్దు, 55 బై 35 కోయండి. చెక్కేటప్పుడు తోలు కొన్ని మిల్లీమీటర్లు సాగుతది, అదీ సమానంగా సాగదు, బొమ్మ ఉన్న వైపే ఎక్కువ సాగుతది, చెక్కడం అయ్యాక స్కేల్ పెట్టి కచ్చితంగా కోసుకుంటే బాధ ఉండదు. లైనింగ్ కూడా 55 బై 35. జేబులు రెండు, ఎడమవైపు విడి కాగితాలకి 24 బై 22, కుడివైపు రైటింగ్ ప్యాడ్ వెనక అట్ట దూర్చడానికి 24 బై 15. ఎడమ చేత్తో రాసేవాళ్లైతే ఈ రెండూ అటుదిటు చేసుకోండి. మొత్తానికి పైకవర్‌కి 3 చదరపు అడుగులు, మేక తోలు 4 నుంచి 5 అడుగులు కొంటే సరిపోతది, లెక్కకి తక్కువే వచ్చినా తోలు ఆకారం వంకర టింకరగా ఉంటది కదా, చతురస్రంగా కోస్తే చాలా పోతది.

కోయడానికి కొత్త బ్లేడ్ వేసిన కట్టర్, స్టీల్ స్కేల్ చాలు. ఒక్క గీతలో తెగాలని బలం పెట్టకండి, మూడు నాలుగు సార్లు తేలిగ్గా లాగండి. స్కేల్ పట్టుకున్న వేళ్లు అంచు దాటకుండా చూసుకోండి.

సామాను

చెక్కడానికి స్వివెల్ నైఫ్ ఒకటి తప్పనిసరి, ఇది గుండ్రంగా తిరిగే పిడి ఉన్న చిన్న కత్తి, చూపుడు వేలు పైన ఉన్న జీను లాంటి దాంట్లో కూర్చుంటది, బొటనవేలు, మధ్యవేలు పిడిని తిప్పుతాయి. దానికి తోడు గుద్ది అచ్చు దించే స్టాంపింగ్ టూల్స్ నాలుగుంటే చాలు: గీత పక్కన నొక్కే బెవెలర్ పెద్దదొకటి చిన్నదొకటి, రేకులకి వంపు తెచ్చే పేర్ షేడర్, ఖాళీల్లో చుక్కలు దించే బ్యాక్‌గ్రౌండ్ టూల్. నలభై టూల్స్ సెట్ అని ఆన్‌లైన్లో చవగ్గా కనిపిస్తది, కొనకండి, ఆ డబ్బుతో మంచి బెవెలర్లు రెండు తీసుకోండి. గుద్దడానికి చెక్క గూటం గానీ నైలాన్ సుత్తి గానీ ఉండాలి, ఇనప సుత్తితో కొడితే టూల్ తలలు పగులుతాయి, దెబ్బ కూడా చేతికి తెలియదు.

కింద పెట్టుకోవడానికి రాయి కావాలి. మనవైపు దీనికి లోటే లేదు, గ్రానైట్ షాపుకెళ్లి కిచెన్ ప్లాట్‌ఫాంలు కోయగా మిగిలిన నల్లరాయి ముక్క అడగండి, అడుగు బై అడుగున్నర, పాలిష్ ఉన్నది. దాని కింద మడత పెట్టిన గోనెసంచి వేస్తే కింది ఫ్లాట్ వాళ్లకి చప్పుడు తగ్గుతది.

కుట్టడానికి రంధ్రాలు పొడిచే ఆరె ఒకటి, మొద్దు మొన సూదులు రెండు, 0.8 ఎంఎం మైనం పూసిన పాలిస్టర్ దారం, రంధ్రాలకి గుర్తులు పెట్టడానికి పళ్ల మధ్య 4 ఎంఎం గ్యాప్ ఉన్న ఫోర్క్ కావాలి. అతికించడానికి చెప్పుల షాపుల్లో వాడే రబ్బర్ గమ్, ఫెవికాల్ ఎస్ఆర్ లాంటిది.

డిజైన్ గీసుకోవడం

తంగేడు గుత్తిని ఫోటో తీసి అచ్చంగా దింపాలనుకోకండి, తోలుకి అంత సన్నదనం పట్టదు. ఒక కొమ్మ తెచ్చుకుని ముందు పెట్టుకుని చూడండి, అయిదు రేకులు, అంచులు కాస్త ముడతలు, మధ్యలోంచి వంపు తిరిగి బయటికొచ్చే కేసరాలు, పక్కన గుండ్రటి మొగ్గలు, కింద పల్చటి కాయ. ఆకు ఐతే ఒక్క ఈనెకి రెండువైపులా చిన్నచిన్న రెక్కలు జతలు జతలుగా చాలా ఉంటాయి, వాటిని ఏడు జతలకి తగ్గించండి, ఒక్కో రెక్క కనీసం ఒకటిన్నర సెం.మీ. పొడవుంటేనే బెవెలర్ చుట్టూ తిరుగుతది. పువ్వు అసలుదానికంటే కాస్త పెద్దగా, 6 సెం.మీ. వెడల్పు గీయండి. నేను మూడు విచ్చిన పువ్వులు, అయిదు మొగ్గలు, రెండు ఆకులు, ఒక కాయ పెట్టి ముందు అట్ట కింది కుడి మూల నుంచి పైకి వంగినట్టు వేశా, మిగతా అంతా ఖాళీ వదిలేశా. అంచు నుంచి 3 సెం.మీ. లోపలే బొమ్మ ఉండాలి, కుట్టుకి, కోతకి అది వదలాలి.

గీసేటప్పుడే ఏ రేకు ముందుంది, ఏది వెనక పోయింది అని తేల్చుకోండి. వెనకపోయిన రేకు గీత ముందు రేకు దగ్గర ఆగిపోవాలి, ఒకదాన్నొకటి దాటకూడదు. కాగితం మీద ఇది తేలకపోతే తోలు మీద అస్సలు తేలదు.

తడి పెట్టడం

ఇప్పుడు అసలు పని. తోలు వెనకవైపు, అంటే గరుకువైపు, మొత్తం ప్యాకింగ్ టేప్ అడ్డంగా నిలువుగా అంటించండి, సాగడం చాలావరకు ఆగుతది, ఐతే అంటించే ముందే వెనకవైపు తడి పెట్టి పైపైన ఆరనివ్వాలి. తర్వాత స్పాంజితో ముందువైపు మొత్తం సమానంగా తడపండి, బొమ్మ వచ్చే చోట మాత్రమే కాదు, మొత్తం. ఒక్కచోటే తడిపితే ఆ తడి అంచు దగ్గర గీతలాగా మరక పడుతది, అది పోదు. బోరు నీళ్లు వద్దు, తాగే నీళ్లు వాడండి, ఎందుకో కింద చెప్తా. నీళ్లు పీల్చడం ఆగేదాకా రెండు మూడు సార్లు తడిపి, పాలిథీన్ కవర్లో గాలి చొరకుండా చుట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి తడి లోపలిదాకా సమానంగా సర్దుకుంటది. ఒక్క రాత్రి చాలు, ఎండాకాలంలో, వానల్లో రెండు మూడు రోజులు కవర్లో మర్చిపోతే బూజు పడతది.

పొద్దున కవర్ విప్పగానే మొదలుపెట్టకండి. అప్పుడు తోలు ముదురు రంగులో, పచ్చిగా ఉంటది, గుద్దితే మెత్తగా దిగి కాసేపటికి అచ్చు పూడిపోతది. బయటపెట్టి చూస్తూ ఉండండి, ఫ్యాన్ వద్దు, ఎండ వద్దు. నెమ్మదిగా రంగు తేలుతూ మళ్లీ పొడి తోలు రంగుకి దగ్గరకొస్తది. చూపుకి ఆరినట్టుంటది, ముట్టుకుంటే చల్లగా ఉంటది, అదీ సమయం.

ఈ చల్లదనం సంగతి నాకు చెప్పింది మా వీధి చివర వేపచెట్టు కింద చెప్పులు కుట్టే తాత. మొదట్లో నేను ఆరిపోయిన తోలు మీద గుద్ది గుద్ది అచ్చు పడట్లేదని ఆ ముక్క తీసుకెళ్లి చూపించా. ఆయన దాన్ని అరచేతిలో తిప్పి, కళ్లు మూసుకుని ఎడమ చెంపకి ఆనించుకున్నాడు. "చేతికేం ఎరుకైతది బిడ్డా, చేతులు కాయలు గాసినయ్. చెంపకు వెట్టి చూడు, సల్లగ తగిల్తే గుద్దు, లేకుంటే జర తడువు" అన్నాడు. అప్పటినుంచి ప్రతిసారీ అదే చేస్తా, ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

చెక్కే రెండు మూడు గంటల్లో తోలు ఆరుతూ ఉంటది. కత్తి లాగుతుంటే గరగరమని అడ్డుపడ్డా, టూల్ గుద్దిన చోట ముదురు గోధుమరంగు రాకుండా లేతగా ఉన్నా ఆరిందని అర్థం. సరైన తడిలో గుద్దితే ఆ అచ్చు చుట్టుపక్కల కంటే ముదురుగా కాలినట్టు మెరుస్తది, ఆ రంగు కోసమే ఇంత ఓపిక. ఆరితే స్పాంజిని గట్టిగా పిండి మొత్తం మీద ఒక్కసారి తేలిగ్గా తుడవండి, అయిదు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. మధ్యలో అన్నానికి లేస్తే పైన కవర్ కప్పి వెళ్లండి.

ఇంకోటి, తడి తోలుకి ఇనుము తగలకూడదు. రెండో పోర్ట్‌ఫోలియో అప్పుడు రాత్రి తడి ముక్క మీద కత్తెర పెట్టి మర్చిపోయా. పొద్దున చూస్తే కత్తెర ఆకారం అచ్చంగా, వేళ్లు దూర్చే రింగుతో సహా, నీలం నలుపులో దిగిపోయింది. తోలులో ఉన్న చెక్క సారం ఇనుముతో కలిస్తే నల్లగా మారిపోతది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లతో గీస్తే నల్ల గీత వచ్చేది ఈ కారణంతోనే, అక్కడ అది కళ, ఇక్కడ మచ్చ. బోరు నీళ్లలో కూడా ఇనుము ఉండొచ్చు కాబట్టే వద్దన్నా. మచ్చ పడిన వెంటనే చూసుకుంటే నిమ్మరసం రాసి, కాసేపాగి మంచినీళ్లతో తుడిస్తే చాలావరకు తగ్గుతది, పాతబడితే కష్టం. మేకులు అరగదీసి సొంతంగా స్టాంపులు చేసుకునేవాళ్లు స్టెయిన్‌లెస్ మేకులే వాడండి.

చెక్కడం

డిజైన్‌ని ట్రేసింగ్ ఫిల్మ్ మీద గానీ పాత ఓహెచ్‌పీ షీట్ (ప్రొజెక్టర్‌కి వాడే పారదర్శక ప్లాస్టిక్ షీట్) మీద గానీ దింపుకోండి, మామూలు ట్రేసింగ్ పేపర్ తడికి ముడుచుకుంటది. దాన్ని తోలు మీద కదలకుండా పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో గీతల మీద తేలిగ్గా వెళ్లండి. ఒక మూల ఎత్తి చూసి అన్ని గీతలూ పడ్డాయని తెలిశాకే షీట్ పూర్తిగా తీయండి, ఒకసారి తీస్తే మళ్లీ అదే చోట కూర్చోదు.

కత్తి పని మొదలుపెట్టే ముందు పనికిరాని ముక్క మీద పది నిమిషాలు వంపులు గీయండి. స్వివెల్ నైఫ్ కుడి ఎడమలకి ఒరగకూడదు, నిటారుగా ఉండాలి, మీ నుంచి అవతలికి మాత్రం కాస్త వాలుతది, బ్లేడ్ మూల మీద ప్రయాణం చేస్తది. మీవైపుకి లాగండి. వంపు వచ్చినప్పుడు వేళ్లతో పిడి తిప్పండి, అంతకంటే ఎక్కువ వంపైతే తోలునే తిప్పండి. లోతు మందంలో మూడో వంతు, అంతే. గీత మొదట్లో లోతుగా మొదలై చివర తేలిపోవాలి, అచ్చం కుంచె గీత లాగా. బ్లేడ్ ప్రతి పది నిమిషాలకోసారి పాలిష్ పూసిన అట్ట మీద వెనక్కి లాగుతూ రుద్దండి, కత్తి పదును తగ్గిందంటే తోలు తెగదు, చిట్లుతది. అన్నిటికంటే ముందున్న పువ్వుతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి.

చెక్కడం అంటున్నాం గానీ ఈ పనిలో తోలు నుంచి ఒక్క పీచు కూడా తీసేయం. కోసిన గీతకి ఒకవైపు నొక్కేస్తాం, రెండోవైపు దానంతటదే ఎత్తుగా కనిపిస్తది, బొమ్మంతా ఆ భ్రమే. ఆ నొక్కేది బెవెలర్. దాని మందమైన అంచు గీతలో కూర్చోవాలి, వాలు బయటివైపు పోవాలి. రేకు పైకి కనబడాలంటే రేకు బయట నొక్కాలి, లోపల కాదు. రెండు రేకులు ఒకదానిమీద ఒకటి ఉన్నచోట కిందున్న రేకువైపు నొక్కితే పైది లేస్తది. గూటంతో చిన్నచిన్న దెబ్బలు వేస్తూ టూల్‌ని గీత వెంట నడిపించండి, ప్రతి దెబ్బకీ టూల్ వెడల్పులో సగమే జరగాలి. టూల్ ఎత్తి ఎత్తి పెడితే మెట్లు మెట్లుగా అచ్చులు కనిపిస్తాయి, అలా ఐతే గూటం బలం తగ్గించి అదే దారిలో రెండోసారి వెళ్లండి, చాలావరకు సాపు అవుతది.

కొందరు షేడర్ ముందు, బెవెలర్ తర్వాత అంటారు. నాకు బెవెలర్ ముందైతేనే రేకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కళ్లకి తెలుస్తది, షేడింగ్ ఎంత వేయాలో అప్పుడు అర్థమవుతది. పేర్ షేడర్‌తో రేకు మొదట్లో, పువ్వు నడిమికి దగ్గర, గట్టిగా గుద్ది అంచువైపు పోయేకొద్దీ తేలిక చేస్తే రేకు గిన్నె లాగా వంగినట్టు వస్తది. తంగేడు రేకు అంచుల ముడతలకి, అంచు నుంచి లోపలికి మూడు నాలుగు చోట్ల షేడర్ వాలుగా పెట్టి చిన్న దెబ్బ వేస్తే చాలు. మొగ్గలకి షేడర్ వద్దు, చుట్టూ బాగా లోతుగా బెవెల్ చేసి, స్టీల్ స్పూన్ వెనక భాగంతో అంచులు గుండ్రంగా రుద్దండి, పెసరగింజ లాగా ఉబ్బి కనిపిస్తాయి.

ఆకు రెక్కలకి చిన్న బెవెలర్. ఇక్కడ విసుగొస్తది, పద్నాలుగు రెక్కలు రెండు ఆకులకి ఇరవై ఎనిమిది, ఒక్కోదానికి రెండు వైపులు. సాయంత్రం అలసిపోయి ఉన్నప్పుడు ఇది చేయకండి, పొద్దున చేయండి. గుత్తి మధ్యలో మిగిలే చిన్న ఖాళీల్లో బ్యాక్‌గ్రౌండ్ టూల్‌తో చుక్కలు దగ్గర దగ్గరగా దించితే ఆ చోటు చీకటై పువ్వులు ముందుకొస్తాయి. చివరగా కత్తితో అలంకారం గీతలు, రేకు మధ్య ఒక ఈనె, కేసరాల వంపులు. ఇవి ఒక్క లాగుడులో పడాలి, దిద్దడానికి ఉండదు, అందుకే ఒక్కో గీత ముందు గాల్లో రెండుసార్లు గీసి చూసుకుని అప్పుడు వేయండి.

అయ్యాక టేప్ నెమ్మదిగా తీసి, చదునుగా నీడలో ఒక రోజు ఆరనివ్వండి.

రంగు, నూనె

పువ్వులకి పసుపు రంగు వేయాలనిపిస్తది, నాకూ అనిపించింది. నా సలహా ఐతే వద్దు. తోలు తన సొంత రంగులోనే ఉంటే ఏడాది తిరిగేసరికి తేనె రంగుకి తిరుగుతది, ఆ అందం ఏ డబ్బాలోనూ రాదు. వంటింటి పసుపు నీళ్లు పూయాలని చూడొద్దు, ఎండ తగిలితే వెలిసిపోతది. లేత తోలు మరీ తెల్లగా ఉందనిపిస్తే పొద్దున ఎండలో రెండు మూడు గంటలు పెట్టండి, దానంతటదే రంగెక్కుతది.

నేను చేసేది ఇంతే: ముందు నీట్స్‌ఫుట్ ఆయిల్, అంటే పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె, ఒక గుడ్డకి పట్టించి పల్చగా ఒక్క పూత. పాత కిర్రు చెప్పులకి మనవాళ్లు ఆముదం పట్టించేవాళ్లు, అది కూడా పనిచేస్తది, కానీ పోర్ట్‌ఫోలియోకి మాత్రం చాలా కొంచెం, ఎక్కువైతే నూనె లోపలి కాగితాలకి ఎక్కుతది. ఒక రోజు ఆగి, బొమ్మ మీద ఆక్రిలిక్ ఫినిష్ పల్చగా రెండు పూతలు వేసి ఆరాక, ముదురు గోధుమరంగు యాంటిక్ పేస్ట్ గుడ్డతో గుంటల్లోకి రుద్ది వెంటనే పైన తుడిచేయండి. గుంటల్లో రంగు నిలిచి ఎత్తులు లేతగా మిగులుతాయి, అప్పటిదాకా పడ్డ కష్టమంతా ఒక్కసారిగా కళ్లముందుకొస్తది. మళ్లీ ఫినిష్ ఒక పూత.

లోపలి పని, కుట్టు

పైకవర్‌ని ఇప్పుడు కచ్చితంగా 53 బై 33 కోసుకోండి, మూలలు పది రూపాయల బిళ్ల పెట్టి గుండ్రంగా గీసి కోయండి. జేబుల పై అంచులు, స్పైన్ వైపు అంచులు లైనింగ్ అతికించకముందే పూర్తి చేసుకోవాలి: పై అంచుకి ఒక కుట్టు అందం కోసం, స్పైన్ వైపు అంచు లైనింగ్‌కి కలిపి కుట్టు. మిగతా అంచులు బయటి కుట్టులో కలిసిపోతాయి.

లైనింగ్ అతికించేటప్పుడు చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పైకవర్ చదునుగా పరిచి లైనింగ్ అతికిస్తే, మూసినప్పుడు స్పైన్ దగ్గర లైనింగ్ అంతా ముడతలు పడతది. గమ్ రెండువైపులా పల్చగా రాసి పది పదిహేను నిమిషాలు, వేలికి అంటకుండా జిగట మాత్రం ఉండేదాకా ఆగి, ఒక అట్ట మొత్తం ముందు అతికించండి. తర్వాత కవర్‌ని మూసేవైపుకి ఎల్ ఆకారంలో వంచి పట్టుకుని, ఆ వంపులోనే లైనింగ్‌ని నొక్కుతూ రెండో అట్టకి పోండి. తర్వాత బయటికొచ్చిన లైనింగ్‌ని పైకవర్ అంచు వెంట కోసేయండి.

అంచు నుంచి 4 ఎంఎం లోపల గీత వేసి, ఫోర్క్‌తో గుర్తులు పెట్టండి, చుట్టూ దాదాపు 420 రంధ్రాలు వస్తాయి. జేబులున్న చోట మూడు పొరలు కదా, ఫోర్క్‌ని లోపలిదాకా దించాలని బాదకండి, ఇరుక్కుని వంకర పోతది. గుర్తు వరకే ఫోర్క్, రంధ్రం ఆరెతో ఒక్కొక్కటి. ఆరె మొనకి తేనెమైనం రాసుకుంటే జారిపోతది. మొన ఎటు బయటికొస్తుందో చూసుకుంటూ ఉండండి, వెనక వేళ్లు పెట్టొద్దు, చిన్న బెండు ముక్క అడ్డం పెట్టుకోండి.

దారం కుట్టు పొడవుకి నాలుగింతలు కావాలి, చుట్టూ మొత్తం ఒకేసారి ఐతే 7 మీటర్లు, లాగలేక చేతులు పడిపోతాయి, సగం సగం చేసి 3.5 మీటర్ల చొప్పున రెండుసార్లు కుట్టండి. దారానికి రెండు చివర్లా రెండు సూదులు, ఒకే రంధ్రంలోంచి రెండూ ఎదురెదురుగా పోతాయి. ఎప్పుడూ ఒకే చేతి సూది ముందు పోవాలి, రెండో సూది ఎప్పుడూ మొదటి దారానికి ఒకే పక్కన పోవాలి, ఈ వరస ఒక్కచోట మారినా కుట్టు అక్కడ వంకరగా కనిపిస్తది. రెండో సూది దూర్చేటప్పుడు మొదటి దారాన్ని గుచ్చకుండా కాస్త వెనక్కి లాగి పట్టుకోండి. లాగేటప్పుడు రెండు చేతులూ సమానంగా లాగాలి. ఈ కుట్టులో ఒకచోట దారం తెగినా మిగతాది ఊడిరాదు, మిషన్ కుట్టు ఐతే ఊడిపోతది. చివర మూడు రంధ్రాలు వెనక్కి కుట్టి, దారం దగ్గరగా కత్తిరించి లైటర్‌తో కొస కరిగించి నొక్కండి.

అంచులు 400 నంబర్ ఎమరీతో రుద్ది, కొంచెం తడి చేసి పాత జీన్స్ గుడ్డతో గట్టిగా, వేడి పుట్టేదాకా రుద్దండి. ముందు పీచుపీచుగా ఉన్న అంచు నిమిషంలో గాజులాగా నున్నగా అవుతది. లైనింగ్ క్రోమ్ తోలు ఐతే ఆ పొర అంత నున్నగా రాదు, పర్లేదు, చివర్లో మైనం పట్టిస్తే కలిసిపోతది. మూయడానికి బటన్ కావాలంటే పెట్టుకోవచ్చు, నేనైతే వెనక అట్టకి ఒక తోలు తాడు కుట్టి రెండు చుట్లు చుట్టి వదిలేస్తా, పువ్వుల మీద గీత పడకుండా పైభాగంలో.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోండి, వెజ్ టాన్ తోలులో కొంచెం ఆమ్లం ఉంటది, ఏళ్ల తరబడి కాగితం నేరుగా తగులుతూ ఉంటే పసుపు పచ్చబడతది, అందుకే ఒక్కోటి ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టి అప్పుడు జేబులో పెట్టండి. వానాకాలంలో బీరువాలో మూసేయకుండా నెలకోసారి బయటికి తీసి గాలి తగలనివ్వండి, బూజు కనిపిస్తే పొడిగుడ్డతో తుడిచి కాసేపు ఎండ చూపించండి. నూనె ఏడాదికి ఒక్కసారి, గుడ్డకి నాలుగు చుక్కలు.

మా చెల్లి దానికి ఇప్పుడు మూడేళ్లు. స్పైన్ మీద, తను పట్టుకునే చోట, తోలు నున్నగా ముదురు రంగుకొచ్చింది, మొగ్గల్లో రెండు అరిగి ఇంకా గుండ్రంగా అయ్యాయి.